మార్తమ్మ టీచరుగారి ఆయ్

మొన్న అమలాపురం నుంచి ముక్తేశ్వరం వెళ్ళే బస్సులో కూర్చున్నాను. ముందు సీట్లో ఒకాయన సెల్లు గట్టిగా పెట్టుకుని వార్తల ఛానెల్లో చర్చ చూస్తున్నాడు. అదే యుద్ధం, అదే శాంతి ఒప్పందం. పెద్ద దేశం ఆక్రమించుకున్న నేలని చిన్న దేశం వదులుకుంటే కాల్పులు ఆగుతాయట. ఒప్పుకోవాలని ఇద్దరూ, కూడదని ఇద్దరూ, నలుగురూ ఒకేసారి అరుస్తున్నారు. ఆ గోలలో నా వెనక సీటు నుంచి ఒక పెద్దావిడ ఫోనులో ఎవరితోనో "ఆయ్" అంది. అవతలివాళ్ళు చెప్పింది పూర్తిగా విని నింపాదిగా అన్న ఆయ్. గబుక్కున వెనక్కి తిరిగాను. ఆవిడ కాదు. కావడానికి వీల్లేదని తెలిసి కూడా తిరిగాను. తర్వాత దిగేదాకా కిటికీలోంచి కొబ్బరితోటల్ని చూస్తూ కూర్చున్నాను గాని, నాకేమీ కనిపించలేదు.

ఆయ్ అనడం మా గోదావరి వాళ్ళ అలవాటు. ఔనండి, అలాగేనండి, వింటున్నానండి, అన్నిటికీ మాకు ఆ ఒక్క మాట చాలు. దాని మీద మిగతా జిల్లాల వాళ్ళు వేసే హాస్యాలు వినీ వినీ మా చెవులు మొద్దుబారిపోయాయి. ఆ మాటతోనే పిల్లలకి న్యాయం నేర్పిన మనిషి మార్తమ్మ టీచరుగారు. పి.గన్నవరం దగ్గర మా ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. ఆవిడ తండ్రి మా తాతగారి పొలంలో పాలేరుగా చేశాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆవిడా దాచుకోలేదు. తెల్లటి నేత చీర, భుజం మీద మడత నలగని పైట, చేతిలో బెత్తం లేదు. చిన్న పిల్లల్ని కూడా అండీ అనే పిలిచేవారు. ఆ మర్యాదకి మేము బెత్తానికంటే ఎక్కువ భయపడేవాళ్ళం.

శుక్రవారం ఆఖరి పీరియడ్ డిబేట్. దానికి ఆవిడ పెట్టిన నియమం నేను మరెక్కడా చూడలేదు. ఎవరైనా తన వాదన మొదలుపెట్టే ముందు ఎదుటివారి వాదన తానే చెప్పాలి. అది విని ఎదుటివారు "ఆయ్, నా మాట అదేనండి" అనాలి. అప్పటిదాకా సొంత మాట ఒక్కటి కూడా పలకకూడదు. ఒకసారి కూలిరేట్లు పెంచాలా వద్దా అన్నది విషయం. నేను వద్దన్న పక్షం. మరి కరణం మనవణ్ణి కాకపోయినా కామందు మనవణ్ణి కదా! నా ఎదుట విజయ అనే అమ్మాయి, వాళ్ళమ్మ మా చేలోనే ఊడ్పులకి వచ్చేది. కూలివాళ్ళకి డబ్బు చాలటం లేదని చెప్పాను. విజయ పెదవి కదపలేదు. ధరలు పెరిగాయన్నాను. ఊహూఁ. బల్ల మీద గుద్ది చెప్పాను. గంట కొట్టేశారు. "బల్లేం చేసిందండీ పాపం," అన్నారు టీచరుగారు. "సత్యంగారూ, ఇంటికెళ్ళి ఆలోచించుకురండి. ఆ అమ్మాయి చేత ఆయ్ అనిపించండి. ఆ తర్వాత మీ ఇష్టం, ఎంతైనా తిట్టుకోండి."

ఇంటికెళ్ళి అరుగు మీద కూర్చుని కూలివాళ్ళ తరఫున గట్టిగా అభ్యాసం చేస్తుంటే మా తాతగారు పడక్కుర్చీలోంచి లేచారు. "ఎవడి పక్షంరా నువ్వు? ఎవరు నేర్పేరివన్నీ?" మార్తమ్మ టీచరుగారని చెప్పాను. "వాళ్ళ నాన్న నోరు విప్పేవాడు కాదురా. ఆయ్ అనేవాడు, పని చేసుకుపోయేవాడు," అని మళ్ళీ పడుకున్నారు. ఆవిడకి ఆ ఒక్క మాట మీద అంత పట్టుదల ఎందుకో నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమయింది. ఒక మనిషి జీవితమంతా ఇతరుల మాటకి ఆయ్ అన్నాడు. కూతురు ఆ మాటకి వెల కట్టింది. నిజంగా ఒప్పుకుంటేనే అనాలి, ఊరికే అనకూడదు. మరుసటి శుక్రవారం నేను "మా అమ్మ వంగి ఊడ్చిన చేలో బియ్యం మా ఇంట్లో కొనుక్కు తినాల్సి వస్తోంది" అన్నాను, విజయగా నిలబడి. విజయ తల ఊపి ఆయ్ అంది. నా వాదన చెప్పడానికి నాకు నోరు రాలేదు. పిల్లలు నవ్వారు, టీచరుగారు నవ్వలేదు.

నేను పాలిటిక్స్ లెక్చరర్నయి అమలాపురంలో స్థిరపడ్డాను. ఆవిడ రిటైరయి ముక్తేశ్వరంలో మనవడు సుధీర్‌తో ఉండేవారు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిపోతే సుధీర్ అమ్మమ్మ చేతుల్లోనే పెరిగాడు. నెలకో ఆదివారం సాయంత్రం చర్చి వెనక హాల్లో మా పాత డిబేట్ మళ్ళీ మొదలుపెట్టారావిడ. రిటైరైన మాస్టర్లు, కొబ్బరి వ్యాపారులు, గుడి కమిటీ పెద్దలు కూడా వచ్చేవారు. నియమం మాత్రం అదే. జుట్టు నెరిసిన వాళ్ళు ఎదుటివాడి ఆయ్ కోసం చెమటలు కక్కడం చూడాలి, భలే ముచ్చటగా ఉండేది.

సుధీర్ డిప్లొమా చదివి ఉద్యోగం దొరక్క, గోడౌనులో పని అని ఏజెంటు చెప్పిన మాట నమ్మి, యుద్ధం చేస్తున్న ఆ పెద్ద దేశానికే వెళ్ళాడు. అక్కడ చదవడం రాని భాషలో కాగితాల మీద సంతకం పెట్టించుకుని సిపాయి యూనిఫారం తొడిగేశారు. మొదట్లో ఫోన్లు వచ్చేవి. "చలికి వేళ్ళు వంగట్లేదు అమ్మమ్మా. మన పెరట్లో పనస కాసిందా?" అని అడిగాడట. ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. టీచరుగారు వెళ్ళని ఆఫీసు లేదు, కలవని నాయకుడు లేడు. ఆ రోజుల్లోనే శాంతి ఒప్పందం మాట బయటికొచ్చింది. వచ్చే ఆదివారం అదే విషయమని ఆవిడే ప్రకటించారు. ఒప్పుకోవాలన్న పక్షం తనది, వద్దన్న పక్షం నాది. నేను తప్పుకోబోయాను. ఆవిడకి కోపం వచ్చింది. "మీ క్లాసులో పిల్లలకి ఏం చెబుతున్నారో నాకు తెలుసండి. అదే ఇక్కడా చెప్పండి. నా మీద జాలిపడి ఓడిపోయేరంటే మళ్ళీ మా గుమ్మం ఎక్కొద్దు."

ఆ రోజు హాలు నిండిపోయింది. ముందు ఆవిడ లేచి నా మాట చెప్పారు. "గట్టు నరికి చేలోకి వచ్చినవాడికి గొడవెందుకని సగం చేను రాసిచ్చేస్తే, పైఏడు మిగతా సగానికి వస్తాడండి. చిన్నవాళ్ళకి ఇక న్యాయం అన్నదే ఉండదు. అంతే కాదండి. నా మనవణ్ణి మోసం చేసి గోతిలో నిలబెట్టినవాడికే బహుమానం ఇచ్చి పంపినట్టవుతుంది." చివరి మాట నేను ఎన్నడూ అనలేదు, అనే ధైర్యం నాకు లేదు. నా వాదనకి నేను మరిచిన బలం ఆవిడే ఇచ్చారు. "ఆయ్, నా మాట అదేనండి," అన్నాను.

తర్వాత నా వంతు. యుద్ధం ఆగితే వేలమంది బతుకుతారని మీ మాట, అన్నాను. "వేలమందిని నేనెరగనండి," అన్నారు. గెలవలేని యుద్ధం సాగదీయడం తెలివితక్కువ అని మీ మాట, అన్నాను. "అది టీవీలో వాళ్ళ మాటండి." సుధీర్ తిరిగి వస్తాడని మీ మాట, అన్నాను చివరికి. ఆవిడ నా వైపు ప్రేమగానే చూశారు. "అది నా ఆశండి సత్యంగారూ. నా మాట కాదు. ఇంకా రాలేదు మీకు. పర్లేదు, వచ్చిన రోజున చెప్పండి." సభ అలాగే ముగిసింది. నియమం ప్రకారం నా వాదన నేను చెప్పనేలేదు. అందరూ టీ తాగి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఇళ్ళకి వెళ్ళిపోయారు.

అక్కడ ఆ దేశాల పెద్దలు ఒప్పందానికి కూర్చున్నారు, లేచారు, మళ్ళీ కూర్చుంటామన్నారు. ఏ పదం ఎక్కడ ఉండాలో తేలలేదట. ఇక్కడికి మాత్రం సుధీర్ ఉన్న పెట్టె వచ్చింది. తెరవొద్దని చెప్పి మరీ ఇచ్చారు. ముక్తేశ్వరంలో మతం, కులం అనకుండా అందరూ సమాధుల దాకా నడిచారు. కువైట్ నుంచి వచ్చిన తల్లి పెట్టె మీద పడి ఏడుస్తుంటే, టీచరుగారు పెట్టె చెక్కని చేత్తో రాస్తూ నిలబడ్డారు, నిద్రపోతున్న పిల్లాడి వీపు రాసినట్టు. అంత దుఃఖాన్ని అంత నెమ్మదిగా మోసిన మనిషిని నేను చూడలేదు.

తర్వాత ఆవిడ మంచం పట్టారు. ఒక మధ్యాహ్నం వెళితే వసారాలో పడుకుని ఉన్నారు. కూతురు గంజి తాగిస్తోంది. పెరట్లో పనసచెట్టు నిండా కాయలు. ఎవరూ కోసినట్టు లేదు. చాలాసేపు ఊరి కబుర్లు చెప్పాను, ఆవిడ వినలేదు. అప్పుడు ఎందుకో, "టీచరుగారూ, మీ మాట చెప్పనా?" అన్నాను. "చెప్పండి," అన్నారు, కళ్ళు మూసుకునే.

"ఒప్పందం మంచిదని మీరు అనలేదు. అది అన్యాయమని నాకంటే మీకే బాగా తెలుసు. ఆ అన్యాయమే సుధీర్ ఉండగా జరిగిపోయి ఉంటే, రోజూ దాన్ని తిట్టుకుంటూ, వాడికి అన్నం పెట్టుకుంటూ బతికేదాన్ని అంటున్నారు."

ఆవిడ కళ్ళు తెరిచారు. చూపు పెరటివైపు పోయింది. కూతురు గంజిగ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "ఆయ్," అన్నారు. "నా మాట అదేనండి." ఆ వర్షాకాలం దాటకుండానే ఆవిడ పోయారు. ఆవిడ చేత ఆయ్ అనిపించుకోవాలని చిన్నప్పటినుంచీ ఎంత ఆశపడ్డానో! తీరా ఆ మాట దక్కితే గుండె చెరువైపోయింది.

ఒప్పందం సంగతి ఇవాళ్టికీ తేలలేదు. నేను ఇప్పటికీ దానికి వ్యతిరేకినే. ఆవిడ పోయారని నా అభిప్రాయం మార్చుకుంటే ఆవిడే నన్ను గుమ్మం ఎక్కనివ్వరు. క్లాసులో ఆ పాఠం వచ్చినప్పుడు మాత్రం నా మాట కంటే ముందు ఆవిడ మాట చెబుతాను, వసారాలో చెప్పినట్టే, ఒక్క పదం మార్చకుండా. చెప్పి ఆగుతాను. పిల్లలు నేను ఏదో మరిచిపోయాననుకుని పుస్తకాల్లోంచి తలెత్తి చూస్తారు. నేను మరిచిపోలేదు. అనవలసిన మనిషి లేరు.