మా బావ చేపల మేత

మా అక్క మొగుడు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. కాలిపోయిన మోటారు విప్పి, నల్లబడిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి, మళ్ళీ గిర్రున తిప్పి చూపిస్తాడు. పాడైపోయిందన్న మాట ఆయన దగ్గర అనకూడదు. "ఏదీ పాడవదు మరదలా, ఎక్కడో తీగ తెగుతుంది, అంతే" అంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. నాకేమో నోటిదురుసు. మా ఇద్దరికీ ఎప్పుడూ ఉప్పూ నిప్పే. మధ్యలో అక్క కూర్చుని నవ్వేది.

ఆ అక్కకు జబ్బు చేసింది. చూసుకోవడానికి నేను వాళ్ళింట్లోనే ఉండిపోయాను. ముందు కడుపులో పుండన్నారు, తర్వాత ఆ పుండుకు పెద్ద పేరు చెప్పారు. మనిషి చూస్తుండగానే సగమైంది. ఒంట్లో బలముంటేనే మందు తట్టుకుంటుంది, ఎలాగైనా తినిపించండి, చేపలు మంచివి అన్నాడు డాక్టరు. బావ ఆ మాట పట్టుకున్నాడు. అక్క తింటే బతుకుతుంది, తినకపోతే లేదు. అంతకు మించి ఆయన ఇంకేమీ వినలేదు. బజారు నుంచి చేప తెచ్చి మెత్తగా ఉడికిస్తే అక్క ముక్కు మూసుకుంది.

"బురద వాసనండీ" అంది.

"సరే, బురద లేకుండా మనమే పెంచుదాం" అన్నాడు బావ.

ఇంటి వెనక మెట్ల కింద సిమెంటు తొట్టి కట్టాడు. పాత కూలర్ మోటారుతో నీళ్ళలోకి గాలి ఊదే పంపు తయారుచేశాడు. చేపల చెరువున్న ఒకాయన దగ్గర అరచేతిలో సగమున్న తిలాపియా చేపపిల్లలు తెచ్చి వదిలాడు. బస్తా మేత కొని వేశాడు. అవి పెరిగాయి కూడా. మొదటి చేప వండిన రోజు అక్క ఒక ముక్క నోట్లో పెట్టుకుని కంచం పక్కకు జరిపింది. మందు వాసన వస్తోందట. ఏం పెట్టినా ఆమెకు వాసనే వస్తోంది, మంచినీళ్ళు కూడా వాసనే అంటోంది. అది జబ్బు చేసే పని అని నాకు తెలుస్తూనే ఉంది. బావకు మాత్రం తప్పంతా మేతలో కనిపించింది.

"చేప ఏది తింటే మాంసం ఆ వాసనే వస్తుంది. బస్తా మేత బంద్" అన్నాడు.

ఇక చూడండి, పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టయింది. షాపు తాళాలు పనివాడికి అప్పగించి మా బావ మేతల మీద పడ్డాడు. తవుడు, వేరుశనగ చెక్క నానబెట్టి ఉండలు చేసి వేశాడు. చేపలు ఎగబడి తిన్నాయి కానీ మిగిలిన పిండి అడుగున కుళ్ళి నీళ్ళు కంపుకొట్టాయి. ఇంకో రెండు తొట్లలో నీళ్ళ మీద పచ్చగా పరుచుకునే అజొల్లా నాచు పెంచాడు. తెల్లారగానే దాన్ని జల్లెడతో ఎత్తి, కడిగి, ఆరబెట్టి వేసేవాడు. మునగాకు నీడలో ఎండబెట్టి పొడి కొట్టాడు. ఆకుకూర ఒక్కటే తింటే చేపకు కండ పట్టదని ఎవరో అన్నారు. వానపాముల కోసం పెరడంతా తవ్వాడు. ఆఖరికి కూరగాయల తొక్కులు బకెట్లో మాగబెట్టి నల్ల ఈగల పురుగులు పెంచడం మొదలుపెట్టాడు. ఆ బకెట్ మూత తీస్తే నేను వీధి చివరికి పరిగెత్తేదాన్ని.

"ఇంటావిడ నోట్లోకి ముద్ద పోవడం లేదు. చేపలకు మాత్రం పూటకో విందు" అన్నాను.

"చేప నోట్లో పడిందే రేపు మీ అక్క నోట్లో పడేది. ఆ మాత్రం తెలీదా నీకు?" అన్నాడు బావ.

మేత మార్చినప్పుడల్లా ఒక చేపను ఉప్పు కూడా వెయ్యకుండా ఉడికించి ముందు తను వాసన చూసేవాడు, తర్వాత నా ముక్కు దగ్గర పెట్టేవాడు. కోసిన ప్రతి చేప పొట్టనూ పాత పేపరు మీద పరిచి పుల్లతో కదిపేవాడు. ఏది తిన్నాయి, ఏది అరిగింది, ఏది అరగలేదు అన్నది అక్కడే తెలుస్తుందట. మోటారు విప్పి తీగ ఎక్కడ తెగిందో వెతికినట్టే వెతికేవాడు.

అజొల్లా, పురుగులు, గుప్పెడు మునగాకు పొడి. ఈ లెక్క కుదిరిన రోజు వండిన చేపను అక్క తిన్నది. నాలుగు ముద్దలు, నిజంగా మింగింది. బావ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పూట ఆయన మేతను నేనూ మెచ్చుకున్నాను, అబద్ధమెందుకు.

మర్నాటి నుంచి అక్క తొట్టి పక్కన కుర్చీ వేయించుకుంది. అక్కడ గాలి బాగుంటుంది, అక్కడే తింటానంది. ఎదురుగా నిలబడి చూస్తుంటే సిగ్గుగా ఉంది, పొమ్మని మమ్మల్ని పంపేసేది. కాసేపటికి కంచం ఖాళీగా వచ్చేది. బావ ఆ కంచాన్ని వీధిలో అందరికీ చూపించడమే తక్కువ. చేపలు కూడా నిగనిగలాడుతూ బలిశాయి. ఆయన మేత తగ్గించినా బలుస్తూనే ఉన్నాయి.

"చూశావా మరదలా, అజొల్లా మహిమ!"

"అక్క జాకెట్లకు మళ్ళీ కుట్టు వేశాను బావా. ఇంకా వదులే అవుతున్నాయి."

"తిన్నది ఒంటికి పట్టొద్దా? తొందరెందుకు నీకు?"

రోజూ చేపను తెల్లారగానే పట్టేవాడు. ఆ రోజు ఏదో పెద్ద మోటారు పని ఉందని షాపుకు వెళ్ళి, అక్క మధ్యాహ్నం భోజనం అయ్యాక వచ్చి, రాత్రి వంటకని పట్టాడు. పెరట్లో కూర్చుని కోశాడు. అలవాటుగా పొట్ట పేపరు మీద పరిచి పుల్లతో విప్పాడు. అజొల్లా లేదు, పురుగులు లేవు. అన్నం మెతుకులు. వాటి మధ్య ఎర్రగా, గోరంత క్యారెట్ ముక్కలు. అక్కకు గొంతు పట్టకుండా ఉండాలని ఆ పొద్దున ఆయనే కూర్చుని అంత సన్నగా తరిగాడు.

"చేపలకు అన్నం వేశావా?" అని నన్నడిగాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నేనెందుకు వేస్తాను?" అన్నాను. అంటూనే నాకు అర్థమైంది. ఆయనకూ అర్థమైంది.

అక్క కుర్చీలోనే ఉంది. మమ్మల్నే చూస్తోంది. బావ చేతులు కూడా కడుక్కోకుండా వెళ్ళి ఆమె ముందు చతికిలపడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచే?"

"మొదటి రోజు తిన్నానండీ. రాత్రంతా కక్కుకున్నాను. మీకు తెలీకుండా పాత గుడ్డతో తుడుచుకున్నాను."

"మరి చెప్పొచ్చు కదే!"

"ఎలా చెప్పను? అంత సంతోషపడ్డారు. మీరు పొద్దున్నే లేచి ఆ పురుగుల్ని ఏరుతుంటే వద్దని ఎలా అనను?"

బావ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. "ఇంకో మేత చూస్తాను. పురుగులు మానేసి..."

"చేపల్లో తప్పేం లేదండీ" అంది అక్క. "నాకే ఇంక లోపలికి పోదు."

"మరి ఏం కావాలో చెప్పు. ఎక్కడున్నా తెస్తాను."

అక్కకు మాట్లాడటానికే ఆయాసం వస్తోంది.

"ఏమీ తేవద్దు. పొద్దున నాచు దగ్గర, ఎండెక్కాక బకెట్ దగ్గర, సాయంత్రం తొట్టి దగ్గర. నేను మంచం మీద పడుకుని మీ అడుగుల చప్పుడే వింటున్నాను. ఇక్కడ కూర్చుంటే కాసేపైనా కనబడతారని కుర్చీ వేయించుకున్నానండీ. ఇక్కడికొచ్చినా మీరు చేపల్నే చూస్తారు."

బావ చేతులు కడుక్కొస్తానని లేవబోతే అక్క ఆ నీచు చేతిని అలాగే పట్టుకుంది. వాసన అనలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

ఆ రోజు నుంచి బావ ఆమె మంచం వదల్లేదు. పురుగుల బకెట్ నేనే పారబోశాను. అజొల్లా ఎండకు మాడిపోయింది. ఆయన అక్క కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పెళ్ళైన కొత్తలోని కబుర్లన్నీ చెప్పేవాడు. ఆమె కళ్ళు మూసుకుని వినేది. కొన్నిసార్లు నవ్వేది. అలా దొరికింది వారం కూడా కాదు. అంతకు ముందు నెలల తరబడి ఆయన ఆ ఇంట్లోనే ఉన్నాడు, పెరట్లో, పిలిస్తే పలికేంత దూరంలో. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆయన మీద ఒళ్ళు మండుతుంది. మరుక్షణమే జాలేసి ఆయన కంచంలో ఇంకో గరిటె వడ్డిస్తాను.

చేపలను చెరువాయనకే తిరిగి ఇచ్చేశాడు. అంత బలిసిన తిలాపియాలను ఇంటి తొట్లో ఎవరూ చూడలేదని ఊరంతా పాకింది. మేత రహస్యం చెప్పమని ఇప్పటికీ ఎవరో ఒకరు షాపుకు వస్తారు. అజొల్లా మంచిదా, పురుగులు మంచివా, తవుడులో ఏం కలపాలి అని అడుగుతారు. బావ చేతిలోని తీగ చుట్టడం ఆపి, ముందు వాళ్ళ ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతాడు. తర్వాత అందరికీ ఒకటే చెబుతాడు.

"బస్తా మేత కొని వెయ్యండి బాబూ. ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఇంటికెళ్ళి మీ ఆవిడ దగ్గర కూర్చోండి."