ఎంగిలి సీసా

భానుప్రియ సీసాలు కడిగి ఊరుకోదు, కాలుస్తుంది. కొలిమి లాంటి ఓవెన్‌లో పెట్టి, గాజుకి అంటిన ప్రతి మరకా మాడిపోయేదాకా ఉంచి, చల్లారాక మూతికి రేకు చుడుతుంది.

మాగ్డెబర్గ్‌లోని ఒక నీటి పరిశోధన కేంద్రంలో ఆమె టెక్నీషియన్. ఆల్ప్స్‌లో చెట్లు ఆగిపోయే ఎత్తుకి పైన ఉన్న చెరువుల నీళ్ళు ఆమె చేతికి వస్తాయి. వాటిలో కరిగిన మట్టి సారం, గడ్డి సారం ఎంతుందో కొలవాలి. చాయ్‌లోకి ఆకు దిగినట్టు కొండ వాలు చెరువులోకి దిగుతుంది. అయితే అంత ఎత్తున మట్టే పలచన. లీటరు నీళ్ళలో చిటికెలో వందో వంతు కూడా ఉండదు. మూతికి తగిలిన వేలి జిడ్డు చెరువంతటినీ అబద్ధం చేస్తుంది.

ఆమె చేరిన కొత్తలో ఒక విద్యార్థి కాల్చిన సీసా మూత తీసి వాసన చూశాడు. "అయ్యో, ఎంగిలి చేసినవ్ గదరా!" అని తెలుగులోనే అరిచింది. అర్థం చెప్పమన్నారు. నోరో చెయ్యో తగిలింది, ఇక పనికిరాదు అని చెప్పింది. ఆ మాట వాళ్ళకి తెగ నచ్చింది. ఇప్పుడు గ్రూపు నడిపే హైకే కూడా సీసా ఎత్తి చూపి, "ఇస్ట్ దస్ ఎంగిలి?" అని, ఇది ఎంగిలా అని అడుగుతుంది.

సూర్యాపేట దగ్గర ఆమె పుట్టిన ఊళ్ళో ఆ మాట సీసాల గురించి కాదు. వాళ్ళమ్మ ఎవరి మిరప చేలలో కూలికి పోయేదో ఆ ఇంట్లో అమ్మ గ్లాసు కొట్టం చూరులో విడిగా ఉండేది. నీళ్ళు పైనుంచి పోస్తూ, "దూరం పట్టు, ఎంగిలైతది" అనేవాళ్ళు. ఇక్కడ అదే మాట గాజుకే అంటుకుని, మనుషుల జోలికి రాకపోవడం భానుప్రియకి బాగుంది. మాటని కూడా కాల్చి శుభ్రం చేయొచ్చనుకుంది.

శ్రీహర్షది గుంటూరు. ఆ చెరువుల్లో అన్నిటికంటే పైనున్న దాని మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. మాగ్డెబర్గ్ వచ్చినప్పుడు అతనికి గది వెతికిపెట్టింది, ఊళ్ళో పేరు నమోదు చేయించే ఆన్‌మెల్డుంగ్‌కి తోడు వెళ్ళింది భానుప్రియే. ఆదివారాలు ఆమె ఇంట్లో పప్పన్నం తిని అక్కా అంటాడు. సెప్టెంబరులో అతనికి మోకాలు నొప్పి చేస్తే, చెరువు దగ్గరికి ఆమె ఎక్కింది. అంతకుముందు రెండు రోజులు వాన. చేతికి గ్లవ్స్, జుట్టు మీద టోపీ. తడి రాళ్ళ మీద జారుతూ వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చింది.

మంగళవారం మీటింగులో శ్రీహర్ష చెరువులో నెలనెలా కొలిచిన సారం గ్రాఫ్ చూపించాడు. చుక్కలన్నీ కింద బుద్ధిగా కూర్చున్నాయి. సెప్టెంబరు చుక్క ఒక్కటే పైకి ఎగిరింది.

"అదేంటి?" అంది హైకే.

శ్రీహర్ష నవ్వి తన జుట్టు నిమురుకుంటూ జర్మన్‌లో అన్నాడు: "అది భానూ ఎంగిలి. కొబ్బరి నూనె."

అందరూ నవ్వారు. హైకే కూడా నవ్వి, "అయితే తీసేయ్" అంది. తర్వాతి స్లైడ్ వచ్చింది. భానుప్రియ చేతులు బల్ల కిందకి లాక్కుంది. అలా లాక్కున్నందుకు తన మీద తనకే మండింది.

మీటింగ్ అయ్యాక కారిడార్‌లో అతనికి అడ్డంగా నిలబడింది.

"ఏమన్నవ్ లోపల?"

"అబ్బా, జోకక్కా! అందరూ వాడేదేగా. మీరు నేర్పిన మాటే."

"వాళ్ళు సీసాని అంటరు. నువ్వు నన్నన్నవ్."

"అట్లా పట్టుకుంటే ఎట్లాగండీ? వచ్చే నెల టాక్ ఉంది నాకు. ఆ చుక్క మొత్తం గ్రాఫ్‌ని పాడుచేస్తా ఉంది."

"వాళ్ళకి తెల్వదు హర్షా. నీకు తెలుసు. మీ ఊళ్ళె ఆ మాట ఎవల్ని అంటరో నీకు మస్తు తెలుసు."

అతను ఫోన్ వైపు చూశాడు.

"బ్లాంక్ నడిపినవా?"

"మెషీన్ మీద టైమ్‌కి టెర్మిన్ దొరకలేదక్కా."

"టెర్మిన్లిచ్చేది నేనే. నడువ్."

బ్లాంక్ అంటే ల్యాబ్‌లో శుద్ధి చేసిన నీళ్ళ సీసా. దాన్నీ కొండెక్కిస్తారు. చెరువు ఒడ్డున అవే చేతులతో మూత తీసి, అదే వడపోతలో పోసి, మళ్ళీ మూసి తెస్తారు. చేతుల్లో తప్పుంటే అందులోనూ కనిపించాలి. ఫ్రిజ్‌లోంచి ఆ సీసా తీయబోతూ శ్రీహర్ష పక్కకి జరిగాడు.

"మీరే పెట్టండక్కా, మీకు అలవాటు."

"నువ్వే పెట్టు. నా చెయ్యి తగిల్తే మల్ల ఎంగిలైతది."

చేతులు కోటు జేబుల్లో దోపుకుని, మెషీన్ ఆగేదాకా అక్కడే నిలబడింది. స్క్రీన్ మీద గీత లేవలేదు. దాదాపు సున్నా. చెరువు నీళ్ళు మళ్ళీ పెట్టమంది. గీత మొదటిసారి లేచినంత ఎత్తుకే లేచింది. వాన వాలు మీది మట్టిని, గడ్డిని కడిగి చెరువులో పోసింది. చుక్క చెరువుదే.

హైకే వచ్చి చూసి, "సూపర్! ఈ ఏడాదిలో ఇదే అసలైన చుక్క" అంది. పొద్దున నవ్విన సంగతి ఆమెకి గుర్తున్నట్టు లేదు.

"అక్కా, టాక్‌లో ఇదే మెయిన్ చేసేస్తా" అన్నాడు శ్రీహర్ష. "థాంక్సక్కా. ఆదివారం దోసకాయ పప్పేనా?"

"నీకు ఒండ."

"అదేంటక్కా, సారీ చెప్తున్నా కదా."

"ఎప్పుడు చెప్పినవ్?"

ఆమె ఆగింది. చెప్పడానికి కావలసినంత సేపు ఆగింది. అతను బ్యాగ్ సర్దుకుని ట్రామ్ టైమయిందన్నాడు.

మర్నాడు ఓవెన్ దగ్గర హైకే రేకు ఊడిన సీసా ఒకటి ఎత్తి చూపింది. "ఎంగిలి?"

"కాంటామినీర్ట్" అంది భానుప్రియ. కలుషితమైందని జర్మన్‌లో.

"ఏంటీ?"

"కాంటామినీర్ట్. మీ మాట మీకుంది. నా మాట ఇక్కడ ఇంకెవరూ అనొద్దు."

"ఎందుకు? అందరికీ ఇష్టం కదా అది."

చూరులోని గ్లాసు గురించి చెప్పాలనుకుంది. చెప్తే హైకే కళ్ళు తడి చేసుకుంటుంది, భుజం మీద చెయ్యి వేస్తుంది. అది తనకి అక్కర్లేదు.

"మా దగ్గర ఆ మాట మనుషుల్ని అంటారు. నిన్న నన్నన్నారు. మీరు నవ్వారు."

హైకే సీసా కింద పెట్టింది. భానుప్రియ దాన్ని తీసుకుని ఓవెన్‌లో మిగతా సీసాల పక్కన నిలబెట్టి, తలుపు గదిలో అందరూ తలెత్తేంత గట్టిగా వేసింది.