అపాలజీ ఏ శాస్త్రం సార్?

మా ఇంగ్లీషు సార్ పోయారన్న కబురు నాకు పాలు పోసే ఆమె చెప్పింది. "అన్నా, నీ దుశ్మన్ పోయిండు" అంది. బీదర్‌లో మా గల్లీ మొత్తానికి ఆయన సార్. నాకొక్కడికే దుశ్మన్. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్పేవాళ్లు వందలమంది ఉన్నారు, చెప్పుకోనీయండి. నాది వేరే లెక్క.

తొమ్మిదో తరగతిలో ఓ రోజు ఆయన బోర్డు నిండా లజీలు రాశారు. జియాలజీ, జువాలజీ, సైకాలజీ. "ఇది గ్రీకోళ్ల తోకరా. లజీ కనబడితే అది శాస్త్రం అన్నట్టే. తోక పట్టుకో, జంతువు అదే దొరుకుతది" అన్నారు. నాకు నిజంగా నచ్చింది. చెయ్యెత్తి అడిగాను: "సార్, అపాలజీ ఏ శాస్త్రం?"

నేను అల్లరివాణ్ణే, కాదనను. ఆ ఒక్క ప్రశ్న మాత్రం వెటకారంతో అడగలేదు. ఇంగ్లీషులో నేను తప్పు లేకుండా రాయగలిగిన మాట అదొక్కటే. వారానికోసారి హెడ్మాస్టరుకు రాసిచ్చేవాణ్ణి మరి.

క్లాసు గొల్లుమంది. సార్ గడియారం విప్పి జేబులో వేసుకున్నారు. కొట్టే ముందు ఆయన అలవాటది. చెంప పగిలినా ఫరవాలేదు, గడియారం పగలకూడదు. రెండు దెబ్బలు వేసి, గంట కొట్టేదాకా బెంచీ మీద నిలబెట్టారు. మర్నాటి నుంచి నేను బడి ముఖం చూడలేదు. బోర్డులు రాసే మా మామ దగ్గర బ్రష్షు పట్టాను.

చివరికి ఆయన ఇంటి ఎదురుగానే దుకాణం పెట్టాను. కావాలనే. కనబడినప్పుడల్లా "సార్, అపాలజీ ఏ శాస్త్రం?" అనేవాణ్ణి. "నీ సిలబస్‌ల లేదు పోరా" అనేవారు. ఆయన రిటైరయిన మర్నాడు తెల్లారేసరికి వాళ్ల గేటుకు బోర్డు కొట్టాను: 'అపాలజీ కోచింగ్ సెంటర్. క్షమాపణ శాస్త్రంలో ప్రత్యేక తరగతులు.' పైన కన్నడం, కింద ఇంగ్లీషు. గల్లీ అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. సార్ బయటికొచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, అక్షరం అక్షరం చదివారు.

"స్పెల్లింగ్ కరెక్ట్ ఉంది. ఉండనియ్యి" అన్నారు.

ఆ బోర్డు చూసి చిట్గుప్ప నుంచి ఒకాయన నిజంగానే కొడుకును చేర్పించడానికి వచ్చాడు. సార్ ఆ పిల్లవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి ఉత్త పుణ్యానికి ఇంగ్లీషు చెప్పారు. తర్వాత ఇద్దరయ్యారు, పదిమందయ్యారు. నేను పరువు తీయడానికి రాసిన బోర్డుతో ఆయన పేరు పెరిగింది. నా ఒళ్లు ఎంత మండి ఉంటుందో మీరే ఆలోచించండి. పైగా నేను ఇంగ్లీషు బోర్డులో అక్షరం తప్పితే చాలు, ఎదుటి అరుగు మీంచి చేతికర్ర ఊపేవారు. ఇన్నేళ్లలో నా దుకాణం నుంచి తప్పున్న బోర్డు ఒక్కటీ బయటికి పోలేదు. ఇది కూడా కోపంతోనే చెబుతున్నాను.

పోవడానికి మూడు రోజుల ముందు ఆయన కర్ర ఊతంతో దుకాణంలోకి వచ్చారు. స్టూలు మీద కూర్చుని గడియారం విప్పి జేబులో వేసుకున్నారు. యాభై దాటినవాణ్ణి, చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది.

"ఆ తోకకు శాస్త్రం ఒక్కటే అర్థం కాదురా. మాట అని గూడ ఉంది. అపాలజీల ఉన్నది ఆ మాట. ఆ దినం నేను తప్పు చెప్పిన" అన్నారు.

"తప్పు చెప్పిన్రా సార్, తప్పు చేసిన్రా?"

ఆయన కర్ర పట్టుకుని లేచారు. "రేపు ఇంటికి రా, చెప్త."

నేను పోలేదు. రోడ్డు దాటితే ఇల్లు. కావాలంటే ఆయనే మళ్లీ రావాలి అనుకున్నాను. రెండో రోజూ పోలేదు. అరుగు మీంచి కర్ర ఊపారు, చూడనట్టు రంగు కలుపుకున్నాను. మూడో రోజు అరుగు ఖాళీ. ఆ మాట చెప్పకుండానే వెళ్లిపోయారు. చూడండి, ఆఖరి దెబ్బ కూడా ఆయనదే.

నిన్న సార్ భార్య పిలిపించారు. "దినాలకు చుట్టాలొస్తరు బిడ్డా. ఆ బోర్డు తీసెయ్యరాదు?"

సుత్తి తీసుకునే వెళ్లాను. ఒక మేకు సగం పీకి ఆగిపోయాను.

"ఇంకా గంట కొట్టలేదమ్మా" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. పీకిన మేకును మళ్లీ లోపలికి కొట్టి వచ్చేశాను. ఇది రాస్తుంటే ఆ బోర్డు ఎదురుగా కనబడుతోంది. మిట్ట మధ్యాహ్నపు ఎండలో, గేటు మీద, బెంచీ ఎక్కినట్టు నిలబడే ఉంది.