పరీక్షకు రాని పేజీ

మీ ఇంటి ఆడపిల్ల ఏ పని చేసి జీతం తెచ్చుకుంటోందో మీకు నిజంగా తెలుసా, లేక “కంప్యూటర్ పని” అన్న మాట దగ్గరే ఆగిపోయారా?

నేనూ రెండేళ్లు అక్కడే ఆగిపోయాను. రేపల్లెలో కాపురముంటున్న నా మేనకోడలు ఇంటి నుంచే ఏదో జపాన్ కంపెనీకి ఇంగ్లీషు దిద్దిపెడుతుందని మాత్రం తెలుసు. మొన్న శనివారం తెనాలి నుంచి రైల్లో వాళ్లింటికి వెళితే, కాఫీ చేతికిచ్చి అసలు సంగతి చెప్పింది. ఆ కంపెనీ చేసేవి పెద్దవాళ్లకు మాత్రమే అమ్మే శృంగార కంప్యూటర్ ఆటలు. విదేశాల్లో అమ్ముకోవడానికి ఇప్పుడు పేరు మార్చుకుంది, బొమ్మల తీరు మార్చుకుంది, కథ మీద శ్రద్ధ పెట్టింది. కొత్త పేరుతో వచ్చే మొదటి ఆట చివర, పనిచేసినవాళ్ల పేర్లు వేస్తారట. తన పేరు ఎలా వెయ్యాలో సోమవారంలోగా చెప్పాలి.

“ఏదో మారుపేరు పెట్టెయ్యమ్మా” అన్నాను ఠక్కున.

“మీరేనా మామయ్యా ఈ మాట అనేది? కులం వద్దని ఇంటిపేరు కొట్టేసుకున్నారు. చేసే పని దాచుకోవద్దని ఊరూరా మైకు పట్టుకుని చెప్పారు. నా దగ్గరికొచ్చేసరికి ముసుగా?”

తను కంప్యూటర్లో ఆ ఆటలోని ఒక ఘట్టం తెరిచి చూపించింది. మొదట రాసినదాంట్లో నాయిక వద్దంటున్నా నాయకుడు ఆగడు. “ఆమె ఇష్టం లేకపోతే ఇది శృంగారం కాదు, దౌర్జన్యం” అని తను రాసి పంపింది. వాళ్లు వారం రోజులు ఆలోచించి ఘట్టాన్ని తిరగరాశారు. నేను జీవితమంతా వేదికల మీద అరిచినా ఒక్క పెళ్లికొడుకు చేతా ఒప్పించలేకపోయిన మాట అది.

“మా ఆయనకి తెలుసు. నాన్నకే తెలీదు. తెలిస్తే నాతో మాట్లాడరేమోనని భయం” అంది.

ఆదివారం ఇద్దరం బస్సెక్కి బాపట్ల వెళ్లాం. వాళ్ల నాన్న, అంటే మా బావ, కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. పూజ కానిదే మంచినీళ్లు కూడా ముట్టడు. తను నిలబడే అంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

“ఆ సీను నువ్వే మార్పించావా?”

“అవును నాన్నా.”

“ముప్పయ్యేళ్లు ప్రబంధాలు చెప్పాను. నాయిక వర్ణన రాగానే ‘ఇది పరీక్షకు రాదర్రా’ అని పేజీ తిప్పేసేవాణ్ణి. నువ్వూ నా క్లాసులోనే కూర్చున్నావుగా.”

“ఇంటికెళ్లి ముందు ఆ పేజీలే చదివేవాళ్లం నాన్నా.”

బావ నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. “నాకు నచ్చిందనుకోకు. నలుగురూ అడిగితే ఏం చెప్పాలో కూడా తెలీదు. కానీ దొంగపేరెందుకు? నేను పెట్టిన పేరే వెయ్యమను.” నా వైపు తిరిగి, “ఏం బావా, నువ్వేం చెప్పావేంటి?” అన్నాడు.

నేను తల దించుకున్నాను. తను వరండాలోకి వెళ్లి ఫోన్‌లో తన పూర్తి పేరు టైపు చేసి పంపేసింది.

ఇవాళే మీ ఇంట్లో అమ్మాయిని అడగండి, “నువ్వు చేసే పనేంటమ్మా?” అని. తను చెప్పడం పూర్తయ్యేదాకా పేజీ తిప్పకండి.