పది అని రాయించిన పన్నెండున్నర

రెండు వేల ఇరవై మూడు, ఫిబ్రవరి. ఆదోనిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఆ రోజు ఇంటర్ రెండో సంవత్సరం ప్రాక్టికల్స్. బస్సులో సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయాను.

ప్రయోగం రెడాక్స్ టైట్రేషన్. ఫ్లాస్కులో ఇరవై మిల్లీలీటర్ల మోర్స్ సాల్ట్ ద్రావణం, దాని గాఢత మనకు తెలుసు. పైన బ్యూరెట్‌లో, అంటే గీతలున్న గాజు గొట్టంలో, ఊదారంగు పర్మాంగనేట్. చుక్కచుక్కగా వదిలి, లేత గులాబీ రంగు నిలిచిన చోట ఆపాలి. ఎంత ఖర్చయిందో ఆ రీడింగ్‌ను లెక్కలో వేస్తే పర్మాంగనేట్ గాఢత తేలుతుంది.

బయటికి ఎవరూ ఒప్పుకోరు గానీ, రావలసిన రీడింగ్‌ను ముందే పిల్లల చెవిన వేసే అలవాటు మాలో ఉంది. ఆ రోజు నేను వేసింది పది. ఎగ్జామినర్ గారు సరిచూసుకోవడానికి ఇచ్చిన కాగితంలోనూ ఆ లెక్కే ఉంది. ఇరవై మందిలో పంతొమ్మిది మంది పది అనే రాశారు. మహాదేవి పన్నెండున్నర రాసింది.

ఆ పిల్లది కోసిగి దగ్గర పల్లె. ఇంట్లోవాళ్లు సుగ్గికి, అంటే దూరపు ఊళ్లకు పంట పనులకు, పోతే తానూ వెళ్లి రెండు నెలలు క్లాసులు పోగొట్టుకుంది. అయినా బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదవాలని ఆశ. పొద్దున్నే వాళ్ల నాయన ఈరన్న గేటు దగ్గర కచ్చితంగా చెప్పాడు.

"పాసయితే డిగ్రీకి పంపిస్తా మేడం. తప్పిందా, మాతోపాటే సుగ్గికి వస్తాది."

అప్పటికే ఇంకో ప్రయోగం, సాల్ట్ అనాలిసిస్‌లో తప్పు రాసింది. ఇక ఈ లెక్క ఒక్కటే దిక్కు. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది. దాని పక్కకు వెళ్లి పళ్లు కొరికాను.

"ఏమే, తిక్కా నీకు? పది అని చెప్తి కదా!"

"మూడుసార్లు చేస్తి మేడం. మూడుసార్లూ పన్నెండున్నరే వచ్చె."

"నీ చెయ్యి సరిగా లేదు, ఎక్కువ వదిలేసినావు. కొట్టేసి పది రాయి. మీ నాయన గేటు కాడే ఉండాడు, ఆపైన నీ ఇష్టం."

నాయన మాట ఎత్తేసరికి తల వంచుకుని కొట్టేసింది. మార్కులు పడ్డాయి.

మధ్యాహ్నం ఎగ్జామినర్ గారు వెళ్లిపోయారు. నాకు మాత్రం మనసు నిలవలేదు. బ్యూరెట్ నింపి నేనే చేశాను. పది దాటింది, రంగు నిలవలేదు. పదకొండు, పన్నెండు. పన్నెండున్నర దగ్గర నిలిచింది. పర్మాంగనేట్ సీసా ఎత్తి చూస్తే అడుగున గోధుమరంగు మడ్డి. నెల కిందట ప్రీఫైనల్‌కు కలిపిన ద్రావణం అది. రంగు సీసాలో పెట్టవలసిన దాన్ని తెల్ల సీసాలో పోసి కిటికీ పక్కన వదిలేసింది నేనే. వెలుతురు తగిలితే పర్మాంగనేట్ బలం తగ్గుతుంది, అప్పుడు ఎక్కువ పడుతుంది. నేను ఏటా చెప్పే పాఠమే.

తప్పు నాది, తిట్లు ఆ పిల్లకు. పైకి చెబితే ఇరవై మందీ మునుగుతారు. కనీసం మహాదేవికైనా చెప్పాలి కదా! సిగ్గేసింది. ఈ రోజు, రేపు అనుకుంటూ నెలలు గడిపాను. అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన. డిగ్రీ అడ్మిషన్లు అయిపోయాక గానీ ఫోన్ చేయలేదు.

"బి.ఏ. చేరినా మేడం," అంది సంబరంగానే.

"బి.ఎస్సీ. అంటివి కదే?"

"ల్యాబు పని నాకు రాదు కదా మేడం. ఆ పొద్దు మీరే సూస్తిరి."

సీసా సంగతంతా చెప్పాను.

"ఆ పొద్దే సెప్పింటే బాగుండు మేడం."

కోపంగా అన్నా తట్టుకునేదాన్ని. ఇప్పుడు పరీక్షకు ముందురోజు కొత్తగా ద్రావణం కలిపి నేనే టైట్రేట్ చేస్తాను. రీడింగ్ ఎవరి చెవినా వేయను. ఎవరికైనా వేరే అంకె వస్తే ముందు నా సీసా చూసుకుంటాను. ఈ బుద్ధి నాకు రావడానికి మహాదేవి కెమిస్ట్రీ పోయింది.