లాక్‌డౌన్‌లోనూ ఆగని పాలసీ

2024 వానాకాలం. అప్పుడు నేను గచ్చిబౌలి వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్ చూసేదాన్ని. చాలా ఏళ్లు వార్డుల్లో నర్సుగా తిరిగాక మోకాళ్లు మొరాయిస్తే, నన్ను తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. రోగి చేరగానే పాలసీ వివరాలు, డాక్టరు వేసిన ఖర్చు అంచనా కంపెనీకి పంపి, చికిత్సకు ముందే అనుమతి తెప్పించడం నా పని. దాన్ని ప్రీ-ఆథరైజేషన్ అంటాం. అది వస్తే బిల్లు కంపెనీ కడుతుంది. రాకపోతే ఇంటివాళ్లు కట్టుకోవాలి.

ఒక ఉదయం అంజయ్యను తీసుకొచ్చారు. యాభై దాటిన మనిషి, సొంత కారును ఐటీ ఆఫీసులకు తిప్పుతాడు. రాయదుర్గం సిగ్నల్ దగ్గర ఛాతీలో నొప్పి వచ్చి బండి పక్కకు ఆపేస్తే, వెనక సీట్లో ఉన్న అమ్మాయే ఆటో పిలిచి మా దగ్గరికి చేర్చిందట. యాంజియోగ్రామ్‌లో మూడుచోట్ల అడ్డంకులు కనిపించాయి. బైపాస్ తప్పదని, ఆలస్యం చేయొద్దని డాక్టరు చెప్పారు.

భార్య యాదమ్మ హైటెక్ సిటీలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో వంట చేస్తుంది. వంటగది టోపీ కూడా తీయకుండానే వచ్చింది. మణికొండలో కిరాయి ఇల్లు, ఇంటర్ చదివే కూతురు. కారు ఉందని తెల్లకార్డు రాలేదు, అందుకే ఆరోగ్యశ్రీ కూడా లేదు. ఆమె నా ముందు కూర్చుని పాలసీ కార్డు ఇచ్చింది.

"మేడం, ఇది పన్జేస్తదా?"

"చేస్తుందమ్మా. కాకపోతే కంపెనీ వాళ్లు ఏవైనా అడగొచ్చు. ఆయనకి షుగర్ ఉందా?"

"ఉంది మేడం. మస్తు ఏండ్ల సంది గోళీలు మింగుతున్నడు."

ఈ డెస్క్ మీద ఎక్కువ కేసులు ఆగిపోయేది అక్కడే. ఏజెంటు చెప్పాడనో, ప్రీమియం పెరుగుతుందనో చాలామంది షుగర్ సంగతి దాచి పాలసీ తీసుకుంటారు. చెప్పి తీసుకున్నా, ముందే ఉన్న జబ్బుకు, దానివల్ల వచ్చే తిప్పలకు కొన్నేళ్ల వరకు డబ్బు రాదు. దాన్ని వెయిటింగ్ పీరియడ్ అంటారు. మధ్యలో ఒక్క ఏడాది ప్రీమియం తప్పితే ఆ గడువు మళ్లీ మొదటికొస్తుంది.

అనుకున్నట్టే మధ్యాహ్నానికి కంపెనీ నుంచి క్వెరీ వచ్చింది. షుగర్ ఎప్పటి నుంచి ఉంది, పాలసీ తీసుకునేటప్పుడు చెప్పారా, అని ప్రశ్న. యాదమ్మను పిలిచి అడిగాను.

"చెప్పే తీసుకున్నం మేడం. ఏజెంటు వద్దన్నడు. నేనే రాయమన్న. అందుకే పైసలు జర ఎక్కువ పడ్డయి."

"ఎప్పుడు తీసుకున్నారు?"

"కరోనాకు ముందుగాల ఏడాది. అప్పటి సంది ఒక్కసారి గూడ తప్పలే."

నేను నమ్మలేక ఆమె ముఖంలోకి చూశాను. లాక్‌డౌన్‌లో ఈ ఐటీ కారిడార్ అంతటా తాళాలు పడ్డాయి. ఉద్యోగులు ఇళ్లలో కూర్చుని పనిచేశారు. క్యాబ్‌లు కదల్లేదు, క్యాంటీన్లు తెరవలేదు.

"ఆ రెండేళ్లు ఎలా కట్టారమ్మా?"

"మా బావకు కిడ్నీ ఖరాబైనప్పుడు మా అక్కోళ్ల పాలసీ బందయి ఉండె. పిల్లల స్కూలు ఫీజులు, పాలసీ పైసలు ఒక్క నెలల్నే వస్తుండె. ఆ యేడు ఫీజులు కట్టిండ్రు, పాలసీ ఇడిసిపెట్టిండ్రు. ఆటో అమ్మిండ్రు, ఊర్ల జాగ అమ్మిండ్రు. అది చూసి నేను బ్యాంకుల నెలనెలా వేసుడు షురూ చేసిన. పాలసీ కట్టే నెలకే ఆ పైసలు చేతికొచ్చేటట్టు పెట్టుకున్న. ఇంకో ఖాతా ఇంటి కోసం, పనిలేని నెలలకు. కరోనాల ఇంటి ఖాతా ఊడ్సుకపోయింది. పప్పు లేకుండ తిన్నం గానీ, పాలసీ పైసలు ముట్టలే, ఆ నెలనెలా వేసుడు గూడ ఆపలే."

కంపెనీకి జవాబు రాసి, షుగర్ సంగతి మొదట్లోనే చెప్పారని, వెయిటింగ్ పీరియడ్ ముగిసిందని, రెన్యూవల్ ఎక్కడా తెగలేదని చూపించాను. సాయంత్రానికి అనుమతి వచ్చింది. చెబితే యాదమ్మ నా చేయి గట్టిగా పట్టుకుని, "ఆపరేషన్ మంచిగయితది గదా మేడం?" అని మాత్రమే అడిగింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కంపెనీ ఇవ్వని గ్లౌజులు, సిరంజిల వంటి చిన్న ఖర్చులు యాదమ్మ కట్టింది. అంజయ్య కొన్ని నెలలు స్టీరింగ్ పట్టకూడదన్నారు. ఆ నెలల కిరాయి, కారు వాయిదా కరోనా తర్వాత మళ్లీ నింపుకున్న ఇంటి ఖాతాలోంచి వెళ్లాయి. కూతురు కాలేజీ మానలేదు. మరుసటి వేసవిలో అంజయ్య ఒక ప్రయాణికురాలిని మా ఆసుపత్రిలో దింపి, లోపలికొచ్చి నన్ను పలకరించాడు. కారు అదే.

పెద్ద జీతాల వాళ్లు కూడా ఆ డెస్క్ ముందు డబ్బు కోసం తడుముకోవడం చూశాను. ఇన్సూరెన్స్ ఆసుపత్రి బిల్లు కడుతుంది, పొదుపు ఇంటిని నడుపుతుంది, ఆ పొదుపే ఇన్సూరెన్స్‌ను కూడా బతికిస్తుంది. ఈ మూడో సంగతి నాకు యాదమ్మ ఇంటి కథతోనే పూర్తిగా అర్థమైంది.

అయితే నేను మర్చిపోలేనిది ఆపరేషన్ జరుగుతున్న పూట. వెయిటింగ్ హాల్లో ప్రతి కుటుంబంలోనూ ఒకరు ఫోన్ పట్టుకుని గోడవైపు తిరిగి, ఎవరినో అప్పు కోసం బతిమాలుతున్నారు. లోపల ఉన్న మనిషి గురించి దిగులు పడే తీరిక కూడా వాళ్లకు లేదు. యాదమ్మ మాత్రం థియేటర్ తలుపుకు ఎదురుగా, కూతురి తల ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, పెనిమిటి కోసం దేవుడికి మొక్కుకుంటూ కూర్చుంది.