సోలార్ మీద గుమ్మడి వడియాలు

సూర్యుడికి పంచె కప్పి, పట్టపగలు నా బేరాన్ని నేనే చీకటి చేసుకున్న కథ ఇది. నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, తర్వాత గుక్క తిప్పుకోలేరు.

నగరిలో మా వీధికి అప్పుడే ఓ కొత్త పద్ధతి వచ్చింది. మిద్దె మీద సోలార్ ఉన్నవాళ్లు మిగిలిన కరెంటును ఫోన్‌లోనే ఇరుగుపొరుగుకు అమ్ముకోవచ్చు. పక్కింటి సెల్వక్కకు నాలుగు మరమగ్గాలు. ఆమె బేరం కోసం నేనూ, ఎదురింటి మాస్టారూ పోటీ.

"ఒక దినం సూస్తా. సాయంత్రానికి ఒప్పుకున్నంత ఇస్తే నీ కాడే కొంటా. లేదంటే మాస్టారి కాడికి పోతా" అంది సెల్వక్క.

"నీ మగ్గాలు అలిసిపోవాల గానీ నా కరెంటు అలిసిపోదక్కా!" అన్నాను. గొప్పలకు పన్ను లేదు కదా!

ఆ దినం పొద్దున్నే మా అత్త గుమ్మడి వడియాల పిండి గిన్నెతో మిద్దెక్కింది. "మిద్దెంతా నీ సోలార్ పలకలే పరిస్తివి. వడియాలు యాడ పెట్టేది?"

"పలకల మీదే పెడదాం అత్తా. ఎండంతా ఆడే కదా!"

మా మగ్గం మీద నేసిన పంచె పరిచాను. పల్చటి నేత, అడ్డం పెట్టినా అవతలి మనిషి కనబడతాడు. మనిషే కనబడితే ఎండ దిగదా? నేతింటి కోడలిని, బట్ట సంగతి నాకొకరు చెప్పాలా! దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. నేను సూర్యుడుండగానే వడియాలు చక్కబెట్టాను.

పదింటికి సెల్వక్క కేక. "ఏమ్మే, ఫోన్‌లో నీ పేరు పక్కన సున్నా సూపిస్తా ఉండాది! మీ ఇంటి సూర్యుడు పెండ్లికేమన్నా పోయినాడా?"

మెట్లెక్కి వచ్చి, వడియాలు చూసి, నడుం మీద చేతులేసుకుంది. "నేను కరెంటు అడిగితే నువ్వు కూరకు సేస్తా ఉండావా?"

సిగ్గుతో చచ్చాను. ముగ్గురం పంచె అంచులు పట్టి వడియాలతో సహా దించాం. పల్చటి పంచెలోంచి దిగి పలకలకంటిన పిండిని తడిగుడ్డతో తుడిస్తే, నెలల తరబడి పేరుకున్న దుమ్మూ, మగ్గాల నూగూ కూడా ఊడొచ్చాయి. ఇన్నాళ్లూ వాటిని తుడవాలని ఎవరికి తోచింది? ఫోన్‌లో అంకె లేచింది, నిన్నటి అంకెను దాటింది, ఆగలేదు! సాయంత్రానికి ఒప్పుకున్నదానికంటే ఎక్కువే ఇచ్చాను.

"ఇంక నీ కాడే" అంది సెల్వక్క. ఏనుగెక్కినంత సంబరం నాకు!

ఎదురుమిద్దె మీంచి మాస్టారు పొద్దున నా వడియాలు చూశారు. సాయంత్రం ఫోన్‌లో నా అంకె చూశారు. మధ్యలో తుడవడం మాత్రం చూడలేదు. మర్నాడు తన పలకల పక్కన నిలబడి భార్యకు చెబుతున్నారు: "ఇంకా దగ్గిర దగ్గిరగా పెట్టు. ఒక్క పలక కూడా ఇడిసిపెట్టొద్దు!"

ఏడుకొండలవాడి మీద ఒట్టు, ఈ జన్మలో ఇక పలకల మీద వడియం పెట్టను. మాస్టారికి నిజం చెబుతానని మాత్రం నేను ఏ దేవుడి మీదా ఒట్టు పెట్టుకోలేదు.